సుబ్బరాజు గారు కట్టిన మడవ

కాల్గరీలో ఏ తెలుగువాళ్ళింట్లో భోజనాలు పెట్టుకున్నా అన్నం గిన్నె మూత తీసే హక్కు సుబ్బరాజు గారిదే. ఆ హక్కు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. ఆయనే తీసుకున్నారు, మిగతావాళ్ళు అలవాటుపడ్డారు. మూత తీసి, ఆవిరి ఒకసారి గట్టిగా పీల్చి, రెండు మెతుకులు వేళ్ళ మధ్య నలిపి చూసి, "కొత్త బియ్యం తల్లీ ఇవి. పాతవని చెప్పి నీకు అంటగట్టారు," అని తీర్పు చెప్పేవారు. ఆ ఇల్లాలు నవ్వి ఊరుకునేది. మైనస్ ఇరవైలో ఆ బస్తాని భుజాన వేసుకుని మోసుకొచ్చిన ఆవిడ భర్త మాత్రం నవ్వేవాడు కాదు.

ఆయనకి అరవై తొమ్మిదేళ్ళు. భీమవరం దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, కాకినాడలో ఇంజనీరింగు చదివి, ఆల్బర్టా దక్షిణాన గోధుమ చేలకి నీళ్ళిచ్చే కాలవల మీద ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. గోధుమలంటే ఆయనకి గౌరవం ఉంది గానీ ప్రేమ లేదు. ప్రేమంతా వరి మీదే. నాట్లు, నీళ్ళు, తెగుళ్ళు, కోతలు, ఏది అడిగినా గంటసేపు చెప్పగలరు. అడక్కపోయినా చెప్పగలరు. ఐటీ కుర్రాళ్ళు వెనకాల ఆయన్ని 'రైస్ రాజు గారు' అనుకునేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేవారు.

ఒక వేసవిలో మనవరాలు అమ్ములు ఆడుకునే ప్లాస్టిక్ నీళ్ళ తొట్టెని లాక్కుని, దాన్నిండా మట్టీ నీళ్ళూ పోసి, ఇంటి వెనకాల వరి వేశారు. మొక్కలు మోకాలి దాకా బాగానే లేచాయి. ఆగస్టులో ఒక సాయంత్రం వడగళ్ళు పడ్డాయి. సెప్టెంబరు మొదటివారంలో మంచు పడింది. ఒక్క కంకి కూడా పాలు పోసుకోలేదు. దాన్ని ఆయన ఇప్పటికీ 'నా ప్రయోగం' అంటారు. ఆయన భార్య సుధామయి గారు 'దోమల తొట్టె' అంటారు.

ఇంత చెప్పే మనిషి పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా బురద చేలో కాలు పెట్టలేదన్న సంగతి సుధామయి గారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తండ్రి విశ్వనాథరాజు గారు పెట్టనివ్వలేదు. "చదువుకునే కాళ్ళు బాబూ ఇవి, గట్టు దిగకూడదు," అనేవారు. అందుకని మన సుబ్బరాజు గారి వ్యవసాయమంతా గట్టు మీద, గొడుగు కింద జరిగింది. గట్టు దిగకుండా చేయగలిగిన పని ఒకే ఒక్కటి ఆయనకి అప్పగించారు. అదే మడవ కట్టడం. ఒక మడిలోంచి పక్క మడిలోకి నీళ్ళు దిగడానికి గట్టులో చిన్న సందు వదులుతారు, దాన్ని మడవ అంటారు. మడి నిండగానే ఓ బురద ముద్ద అందులో వేసి మడమతో నాలుగు తొక్కులు తొక్కితే మూతపడుతుంది. పదేళ్ళకే ఆయన ఆ విద్యలో ఆరితేరారు. నీళ్ళు ఊరికే కారిపోతూ కనబడితే ఆయన మడమ ఇప్పటికీ ఊరుకోదు.

ఆయన పుట్టిన ఊరి మనిషి ఇంకొకావిడ కూడా కెనడాలోనే ఉన్నారు. ఆయన పెదనాన్నగారమ్మాయి జానకమ్మ గారు, సర్రీలో కొడుకు దగ్గర. విమానమెక్కితే గంటన్నర దూరం. ఇరవై ఏళ్ళలో సుబ్బరాజు గారు ఆ గడప తొక్కింది రెండుసార్లు, రెండుసార్లూ గంటలో లేచి వచ్చేశారు. ఆ ఇద్దరి తండ్రులూ సొంత అన్నదమ్ములు. ఎవరు కట్టారో తేలని ఒక మడవ దగ్గర మాటా మాటా అనుకుని, పదకొండేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, చివరికి అలాగే పోయారు. "పెద్దవాళ్ళ గొడవకి పిల్లలు మీరేం చేశారండీ, వెళ్ళి చూసి రావచ్చుగా అక్కయ్యని," అని సుధామయి గారంటే, "మధ్యలో అన్ని కొండలున్నాయి కదా సుధా," అనేవారు. విమానం కొండల మీదుగా పోతుందని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

కొండలంటే సుధామయి గారికి భయం లేదు. ఆసుపత్రి ల్యాబులో రిటైరైన మర్నాడే ఆడవాళ్ళ హైకింగ్ గ్రూపులో చేరి, శనివారం వస్తే కర్రలు పుచ్చుకుని రాకీల మీద పడేవారు. సుబ్బరాజు గారు కింద కార్లో ఫ్లాస్కుతో కూర్చుని కాపలా ఉండేవారు. కారుకో, కొండకో ఆయనే చెప్పాలి.

ఇద్దరి పెళ్ళై నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా కూతురు ధాత్రి వియత్నాంకి టికెట్లు కొని పెట్టింది. అక్కడి కొండల్లో రెండు రోజుల నడక, రాత్రికి గైడు ఇంట్లోనే బస.

"నడకా? నా మోకాళ్ళ సంగతి నీకు తెలియదటమ్మా?" అన్నారు ఆయన.

"డాడ్, దే గ్రో రైస్ ఆన్ ద మౌంటెన్స్. ఇట్స్ లిటరల్లీ యువర్ థింగ్," అంది ధాత్రి.

కొండ మీద వరి అనగానే ఆయన మోకాళ్ళు కుదుటపడ్డాయి. కాల్గరీలో బయల్దేరేముందు జరిగిన భోజనాల్లో భరద్వాజ్ అనే కుర్రాడు, "అంకుల్, అక్కడివాళ్ళకి మీరు ఒకట్రెండు టిప్స్ ఇచ్చి రావాలి," అని ఊరికే అన్నాడు. సుబ్బరాజు గారు దాన్ని ఊరికే తీసుకోలేదు.

జూన్‌లో సాపా అనే ఊళ్ళో, హోటలు మెట్ల దగ్గర, వీళ్ళ కోసం గైడు ఒకామె నిలబడి ఉంది. పేరు పాంగ్. ఆ కొండల్లో తరతరాలుగా ఉంటున్న హ్మోంగ్ మనిషి. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, ఐదడుగులుండదు, వీపున వెదురు బుట్ట, కాళ్ళకి ప్లాస్టిక్ చెప్పులు. చేతులు రెండూ మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. సుబ్బరాజు గారు హడలిపోయి, "సుధా, ఈ అమ్మాయికి గుండె జబ్బేమో అడుగు," అని గొణిగారు. పాంగ్ తన పైబట్ట అంచు పట్టుకు చూపించింది. అదీ అదే నీలం, ఇంట్లో అద్దుకున్న నీలిమందు. ఇంగ్లీషు ఆమె బడిలో కాదు, వచ్చే పోయే యాత్రికుల దగ్గర నేర్చుకుంది. అక్షరం రాదు, మాట మాత్రం తడుముకోదు. సుధామయి గారిని 'సిస్టర్' అంది. సుబ్బరాజు గారిని 'గ్రాండ్‌పా' అంది. మొగుడూ పెళ్ళాలకి తేడా రెండేళ్ళే. ఆయన ఆ రోజంతా ఆ పిలుపుని మనసులోంచి తీసెయ్యలేకపోయారు.

ఊరు దాటగానే కొండ మొత్తం మెట్లు మెట్లుగా కనబడింది. ఒక్కో మెట్టూ ఒక మడి, ఒక్కో మడిలో ఆకాశం. పైనుంచి కింద దాకా నీళ్ళు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి సన్నగా చప్పుడు చేసుకుంటూ దిగుతున్నాయి. పుట్టిన ఊరు పళ్ళెంలా చదునుగా ఉంటుంది కాబట్టి, ఇన్ని వరి మళ్ళు నిటారుగా నిలబడి ఉండటం ఆయన ఎన్నడూ చూడలేదు. పది నిమిషాలు నోరు మూసుకున్నారు. సుధామయి గారు భయపడి ఒళ్ళు బాగానే ఉందా అని అడిగారు.

పాంగ్ నడుస్తూనే నడుముకి కట్టుకున్న నార పోగులు తీసి ఒకదానికొకటి మెలిపెట్టి కలుపుకుంటూ పోతోంది. దారి వంక చూడనైనా చూడదు. సుబ్బరాజు గారు ఈ ప్రయాణం కోసమే కొన్న బరువైన బూట్లతో, రెండు చేతికర్రలతో, జానెడు గట్టు మీద అడుగులో అడుగు వేస్తున్నారు. అయినా చెప్పడం మానలేదు.

"మా గోదావరి జిల్లాలో ఏడాదికి రెండు పంటలు. నీళ్ళు కాలవలో వంతు ప్రకారం వస్తాయి. నారు ఇంత వయసులో తియ్యాలి, ఇంత ఎడంలో నాటాలి," అని ఇంగ్లీషులో పాఠం మొదలుపెట్టారు.

పాంగ్ వినయంగా అంతా విని, "గ్రాండ్‌పా, నువ్వు రోజుకి ఎన్ని మళ్ళు నాటుతావు?" అని అడిగింది.

ఆయనకి దగ్గొచ్చింది. "అంటే... మేం సూపర్‌వైజ్ చేస్తాం," అన్నారు.

"ఓ, మా మామగారిలాగా!" అంది పాంగ్ సంతోషంగా. "ఆయన కూడా అంతే. గట్టు మీద కూర్చుని పొగ పీలుస్తాడు."

సుధామయి గారు ముందుకెళ్ళి నవ్వుకున్నారు. ఆవిడ భుజాలు కదలడం వెనకనుంచి ఆయనకి కనబడింది.

మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన బాగా వెనకబడ్డారు. "ఫొటోలు తీసుకుంటాను, మీరు నడుస్తూ ఉండండి," అన్నారు. ఊపిరి అందడం లేదని దాని అర్థం. ఒక మడి గట్టు మీద పెద్ద రాయి కనబడితే దాని మీద కూలబడ్డారు. మడి నిండుగా ఉంది. ఎదురుగా, ఆయన కాళ్ళ దగ్గరే, మడవలోంచి నీళ్ళు కింది మడిలోకి జారిపోతున్నాయి. కింది మడిలో పైరేమీ లేదు, ఉత్త బురద. ఇంత పల్చగా ఉన్న ఊటని ఎవడో అజాగ్రత్త మనిషి ఇలా వదిలేశాడే అని ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇటూ అటూ చూశారు. ఎవరూ లేరు. మడమ ఇక ఆగలేదు. చేతికర్రతో ఓ బురద పెళ్ళ పెకలించి, మడవలోకి నెట్టి, బూటు మడమతో నాలుగు తొక్కులు తొక్కారు. నీటి చప్పుడు ఆగిపోయింది. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి, గ్రాండ్‌పా అన్న మాట, అన్నీ ఒక్క క్షణంలో పోయాయి. మడవ కట్టి యాభై తొమ్మిదేళ్ళైనా చెయ్యి తిరిగే ఉందనుకున్నారు, ఇక్కడ చెయ్యంటే మడమే అనుకోండి. ఈ సంగతి ఇప్పుడే చెప్పెయ్యకుండా రాత్రి భోజనాల దగ్గర, ఏదో మాటల్లో మాటగా, తాపీగా చెప్పాలని నిర్ణయించుకున్నారు.

ఆ తర్వాత దిగుడులో రెండుసార్లు జారి కూర్చున్నారు. మొదటిసారి పాంగ్ చెయ్యి పట్టుకు లేపింది. రెండోసారి, "ఇక్కడ కూర్చుంటే సూపర్‌వైజ్ బాగా కుదురుతుందా గ్రాండ్‌పా?" అని అడిగి, అప్పుడు లేపింది.

పాంగ్ ఇల్లు లోయ మొదట్లో, చెక్క గోడలు, మధ్యలో పొయ్యి. ఆమె భర్త పట్నంలో తాపీ పనికి వెళ్ళాడు. ఇంట్లో ఉండేది మామగారు, పిల్లలు. నట్టింట్లో తడిగోనెల కింద నారు కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. మర్నాడే వాళ్ళ నాట్లు. కూలికి మనుషులు రారక్కడ. ఇవాళ మీ మడిలో మేం, రేపు మా మడిలో మీరు, ఇదీ పద్ధతి. పదిహేను గడపలవాళ్ళు పొద్దున్నే వస్తారు. ఈ ఇంటి వంతు మళ్ళీ రావాలంటే పన్నెండు రోజులు ఆగాలి. "రేపు నువ్వు గట్టు మీద కూర్చుని చూడొచ్చు," అని పాంగ్ ఆయనకి హామీ ఇచ్చింది.

ఇంకా వెలుతురు ఉండగానే భోజనాలకి కూర్చున్నారు. టమాటాలు వేసి వండిన సోయా ముక్కలు, ఆకుకూర, పందిమాంసం, వేడన్నం. సుబ్బరాజు గారు మెతుకు నలిపి చూసి, గొంతు సవరించుకుని, మాటల్లో మాటగా చెప్పబోయే మొదటి మాట నోటి దాకా తెచ్చుకున్నారు. సరిగ్గా అప్పుడు మామగారు పొలంనుంచి వచ్చి చేతిలో పార గోడకేసి కొట్టాడు. ఆగకుండా ఏదో అరిచాడు. పాంగ్ మొహంలో నవ్వు పోయింది.

"ఏమైందమ్మా?" అన్నారు సుధామయి గారు.

"మధ్యాహ్నం నుంచి మా మళ్ళలోకి చుక్క నీరు రాలేదు సిస్టర్. బురద గట్టిపడుతోంది. నీళ్ళు లేకపోతే రేపు నాట్లు లేవు. పీకిన నారు పన్నెండు రోజులు ఆగదు," అంది పాంగ్. పై మళ్ళు మామగారి తమ్ముడివట. కొత్త సంవత్సరం పండుగప్పుడు గేదె చేలో పడిందని అన్నదమ్ములు దెబ్బలాడుకున్నారట. మొన్న మొన్ననే మళ్ళీ మాటలు కలిశాయట. "చినమామ కావాలనే నీళ్ళు కట్టేశాడని అంటున్నాడు. ఇప్పుడే వెళ్ళి అడుగుతాడట. వీళ్ళు అడగడమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

సుబ్బరాజు గారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. "నీళ్ళెక్కడినుంచి రావాలి?" అన్నారు మెల్లగా.

"పెద్ద రాయి ఉంటుంది చూడు, ఆ మడిలోంచి. దానికి రెండు దారులు. ఒకటి కింద మా మళ్ళలోకి, ఇంకొకటి వాగులోకి. మాది మూసేస్తే అంతా వాగుపాలే."

సుధామయి గారు ఆయన వైపు తిరిగారు. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఆయన బూట్ల వంక చూశారు. కుడి మడమకి బురద ఎండి ఉంది.

తప్పించుకోవడానికి దారులు లేకపోలేదు. కడుపు బాగాలేదని బయటికెళ్ళి, పైకెక్కి, ఎవరూ చూడకుండా మడవ తీసి రావచ్చు. ఈ మోకాళ్ళతో కుదరదు. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. అన్న వెళ్ళి అడుగుతాడు, తమ్ముడు నేను కాదంటాడు, ఎవరూ నమ్మరు. తర్వాత ఏమవుతుందో సుబ్బరాజు గారికి చెప్పాల్సిన పని లేదు. చూశారు.

యాభై తొమ్మిదేళ్ళ కిందట, పుట్టిన ఊళ్ళో పెదనాన్నగారి చేను పైన, తమ చేను కింద. పదేళ్ళ సుబ్బరాజు ఒక సాయంత్రం గట్టు మీద వస్తూ, పై చేలోంచి నీళ్ళు కారిపోతున్నాయనుకుని, పెదనాన్నకి మేలు చేద్దామని మడవ కట్టేశాడు. అవి కారిపోతున్న నీళ్ళు కావు, తమ చేలోకి దిగుతున్న నీళ్ళు. నాటిన మూడో రోజు పైరు ఎండకి వాడిపోయింది. తండ్రి అన్నగారి ఇంటి మీదికి వెళ్ళారు. అన్నగారు నేను కాదన్నారు. కుర్రాడు ఆ రాత్రి చెప్పేద్దామనుకున్నాడు, తండ్రి కోపం చూసి రేపనుకున్నాడు. మర్నాటికి అది ఊరి గొడవైంది. నెలకి కులపెద్దల గొడవైంది. ఆ తర్వాత చెప్పడానికి వీలైన రోజంటూ ఒకటి రాలేదు. వరి గురించి అన్నీ తెలిసిన సుబ్బరాజు గారు జన్మలో ఎవరూ చెప్పకుండా తనంతట తాను చేలో చేసిన వ్యవసాయం మొత్తం ఇదీ, అన్నదమ్ముల మధ్య రెండు మడవలు, రెండూ తప్పే.

ఆయన దిగ్గున లేచారు. దూలం నెత్తికి తగిలింది. "పాంగ్, మీ చినమామ కాదు. ఆ మడవ కట్టింది నేను," అన్నారు.

పాంగ్‌కి అర్థం కాలేదు. ఆయన వంగి, లేని బురద పెళ్ళని నేల మీద పెట్టి, మడమతో నాలుగు తొక్కులు తొక్కి చూపించారు. "నీళ్ళు వేస్టవుతున్నాయనుకున్నాను. మంచిపని చేశాననుకున్నాను. ఆయన్ని ఏమీ అనొద్దని చెప్పు. తప్పు నాది."

పాంగ్ చెప్పింది. మామగారు బూటు వంక చూశాడు, ఆయన మొహం వంక చూశాడు, తలుపు వైపు చెయ్యి చూపించాడు.

"వచ్చి నువ్వే తియ్యమంటున్నాడు," అంది పాంగ్.

అందరూ కలిసి పైకెక్కారు. పొద్దున పది నిమిషాలకోసారి ఆగిన మనిషి ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆ కేకలకి చినమామ కూడా తన ఇంట్లోంచి వచ్చి రాయి దగ్గర నిలబడి ఉన్నాడు. భుజాలు బిగించుకుని, మాట పడటానికి కాదు, మాట అనడానికి సిద్ధంగా ఉన్నాడు. అన్న నోరు విప్పేలోపే సుబ్బరాజు గారు మధ్యలోంచి వెళ్ళి, బూట్లతోనే మడిలోకి దిగారు. మోచేతుల దాకా బురదలో పెట్టి ఆ ముద్దని పెకలించారు. బాగా తొక్కిన మడవ, ఒక పట్టాన రాలేదు. వచ్చాక నీళ్ళు చప్పుడు చేసుకుంటూ కిందికి దిగాయి.

చినమామ ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత పాంగ్‌ని ఏదో అడిగాడు.

"నీది ఏ దేశమని అడుగుతున్నాడు."

"కెనడా."

"కెనడాలో వరి పండుతుందా అంటున్నాడు."

ఆయన ప్లాస్టిక్ తొట్టె గురించి ఒక్క క్షణం ఆలోచించారు. "పండదు," అన్నారు.

పాంగ్ చెప్పింది. అన్న తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు అన్న వంక చూశాడు. ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఇద్దరూ గట్టు మీద చతికిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. తమ్ముడు లేచి సుబ్బరాజు గారి మడమ తొక్కుడు తొక్కి చూపించాడు. అన్న మళ్ళీ నవ్వాడు. తర్వాత ఇద్దరూ ఒక్క గొట్టంలోంచే పొగ పీలుస్తూ కిందికి దిగిపోయారు.

సుబ్బరాజు గారు ఆ రాయి మీద కూర్చుని ఏడ్చారు. పాంగ్ మోకాళ్ళ నొప్పేమోనని పసరు ఆకు వెతకడానికి వెళ్ళింది. సుధామయి గారు పక్కన కూర్చున్నారు.

"పది నిమిషాలు సుధా," అన్నారు ఆయన. "మొత్తం పది నిమిషాలు పట్టింది." అని, యాభై తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పారు. ఆవిడ వేళాకోళం చేయలేదు. ఆయన చేతి బురద తన చున్నీతో తుడుస్తూ అంతా విన్నారు. ఆయనకి దానికే ఎక్కువ భయమేసింది.

మర్నాడు పొద్దున్న పదిహేను గడపలవాళ్ళూ వచ్చారు. సుబ్బరాజు గారిని గట్టు మీద కూర్చోనివ్వలేదు. చినమామే ఓ నారు కట్ట ఆయన చేతిలో పెట్టి చెయ్యి పుచ్చుకుని దింపాడు. బురద చల్లగా, మెత్తగా, కాలు తీయబోతే వదలకుండా పట్టుకుంటోంది. ఇంత బాగుంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒక వరస నాటేసరికి నడుము పట్టేసింది. "గ్రాండ్‌పా, నీ వరస వియత్నాంలో మొదలై చైనాలో తేలేలా ఉంది," అని పాంగ్ అవతలి చివరినుంచి కేకేసింది. ఆయన వెనకే ఓ ముసలావిడ ఆయన నాటినవి పీకి, సరిగ్గా మళ్ళీ నాటుకుంటూ వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి చూసి దణ్ణం పెట్టారు.

కాల్గరీ చేరిన తర్వాతి ఆదివారం పొద్దున్న, కాఫీ తాగి, సుబ్బరాజు గారు ఫోను చేతిలో పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ అరగంట తిరిగారు. చివరికి నంబరు నొక్కారు.

"అక్కా, నేను సుబ్బరాజుని."

"ఏరా, ఎవరు పోయారు?" అన్నారు జానకమ్మ గారు. ఎవరైనా పోతే తప్ప ఆయన ఫోన్ చేసింది లేదు.

"ఎవరూ పోలేదక్కా. ఒక మాట చెప్పాలి. ఆ మడవ పెదనాన్నగారు కట్టలేదు. నేను కట్టాను. తెలియక కట్టాను, భయపడి చెప్పలేదు."

ఏ మడవ అని ఆవిడ అడగలేదు. అవతల వంటింట్లో కుళాయి పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి అది ఆగింది.

"నాన్నగారు రాములవారి గుళ్ళో దీపం ఆర్పి ప్రమాణం చేశారురా," అన్నారావిడ.

"తెలుసక్కా."

"ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు."

"తెలుసు."

"నేనూ నమ్మలేదురా సుబ్బరాజూ."

ఇన్నేళ్ళూ తను తండ్రికీ పెదనాన్నకీ మధ్య తెచ్చిన గొడవ గురించే కుమిలిపోయారు గానీ, ఆ ఇంటి లోపల ఏమై ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"పోయేముందు నెల రోజులు నేనే పక్కనుండి చూసుకున్నాను," అన్నారు జానకమ్మ గారు. "అమ్మా, నువ్వయినా నమ్ముతావా అని ఒక్కసారి అడిగారు. మందేసుకోండి నాన్నగారూ అన్నాను."

"అక్కా, వచ్చే వారం నేను వచ్చి..."

"వచ్చే వారం కాదు, ఇవాళ రా. ఆయన ఫొటో ఇక్కడ గోడ మీదే ఉంది. ముందు నువ్వు చెప్పు. నువ్వు చెప్పాక నేను చెప్పుకోవాలి ఆయనకి."

ఆ సాయంత్రం విమానానికే ఆయన బయలుదేరారు.